అప్‌డేట్: ఫ్లాట్ ట్రిగ్గర్ పెట్టాక 500 గ్రాముల టెస్ట్‌లో ఫెయిల్ అయిన ఎయిర్ పిస్టల్

పాత ప్రశ్న గుర్తుందా? 10 మీటర్ల ఎయిర్ పిస్టల్‌కి వంపు ట్రిగ్గర్ తీసి ఫ్లాట్‌ది వేశాను. ట్రిగ్గర్‌కి కొక్కెంతో 500 గ్రాముల బరువు తగిలించి పిస్టల్‌తో పైకెత్తితే పేలకూడదు, అదీ టెస్ట్. ఇంట్లో ట్రిగ్గర్ బరువు కొలిచే గేజ్ 510 గ్రాములు చూపిస్తే, రేంజ్‌లో ఆ 500 గ్రాముల బరువు ఎత్తగానే పేలిపోయేది. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్.

స్ప్రింగ్‌దే తప్పనుకుని కొత్తది కొన్నాను, డబ్బు దండగ. ఆయిల్ సంగతి కూడా అన్నారు, కానీ దానికీ దీనికీ సంబంధం లేదు. "బరువు ఎక్కడ వేలాడుతోందో చూడన్నా" అని ఒక తమ్ముడు రాశాడు చూడండి, అదే నిజం. మా ఆర్మరర్ (తుపాకులు బాగుచేసే ఆయన) కూడా అదే తేల్చారు. వంపు ట్రిగ్గర్‌లో కొక్కెం దానంతటదే మధ్యలో ఆగుతుంది. ఫ్లాట్‌లో, బ్యారెల్ నిలువుగా పట్టగానే, కొసకు జారుతుంది. కొస దగ్గర లివర్ పొడవు ఎక్కువ కాబట్టి తక్కువ బరువుకే పేలుతుంది. రూల్ ప్రకారం బరువు ట్రిగ్గర్ మధ్య భాగంలోనే ఉండాలి.

ట్రిగ్గర్ బ్లేడ్ (వేలు ఆనే భాగం) కోణం కాస్త మార్చి, మధ్యలో 530 గ్రాములకి సెట్ చేశారు. గాలి ఛార్జ్ చేసే చూశాం, డ్రై ఫైర్‌లో (గాలి లేకుండా ఉత్తుత్తిగా పేల్చడం) కాదు. మూడుసార్లు ఎత్తినా పేలలేదు. నిన్నటి మ్యాచ్ చెకింగ్‌లోనూ పాస్. స్కోరు సంగతి మాత్రం అడగకండి!