శనివారం ఎగ్జిబిషన్: హాలు రద్దయింది, కాగితాలు ఎక్కడ పెడదాం?
(హ్యూస్టన్ తెలుగువాళ్ల కమిటీ గ్రూపు. ఎవరు ఏ పేటలో ఉంటే ఆ పేటే ఇక్కడ వాళ్ల పేరు.)

కేటీ, మంగళవారం రాత్రి 8:10
అందరికీ నమస్కారం. జూన్‌టీన్త్ (టెక్సాస్‌లో బానిసలకు విముక్తి కబురు అందిన జూన్ 19 పండుగ) ఎగ్జిబిషన్ ఫైళ్లు రేపు సాయంత్రం ఐదులోపు ప్రింట్ షాపుకి చేరాలి. మిగిలిన పనులు: 150 మందికి ఇడ్లీలు (షుగర్‌ల్యాండ్ వదిన), మైకు, కుర్చీలు (సైప్రస్ తమ్ముడు), పిల్లల పాట రిహార్సల్, రిజిస్ట్రేషన్ టేబుల్. ఎవరి పని ఎంతవరకు వచ్చిందో ఈ రాత్రే చెప్పండి.

షుగర్‌ల్యాండ్, 8:32
రవ్వ తెచ్చాను. ఇంకో గ్రైండర్ కావాలి.

పేర్‌ల్యాండ్, 9:05
హాలు వాళ్ల మెయిల్ ఇప్పుడే చూశాను. బుకింగ్ రద్దు చేశారు. మన ఫ్లయర్ మీద బానిసల వేలం పోస్టర్ ఉందట, కుటుంబాలు వచ్చేచోట అలాంటివి పెట్టనివ్వరట. అడ్వాన్సు 400 డాలర్లు తిరిగి రావడానికి రెండు వారాలు పడుతుంది. మన దగ్గర ఉన్నది 310. ప్రింట్ షాపు 24 బోర్డులకు 620 చెప్పింది.

సైప్రస్, 9:07
ఆ ఫ్లయర్ ఎవరు పంపారు? కమిటీలో ఎవరికీ చూపించకుండా?

కేటీ, 9:15
నేనే. బొమ్మలు పంపండని మూడు వారాలు అడిగాను, ఒక్కరూ పంపలేదు. ఆన్‌లైన్‌లో కొన్న సెట్‌లోంచి ఒకటి తీసి పెట్టాను. పని చేసేటప్పుడు ఎవరూ లేరు, తప్పు పట్టడానికి అందరూ ఉన్నారు.

పేర్‌ల్యాండ్, 9:24
గొడవ వద్దు. ఆ బానిసత్వం కాగితాలు ఈసారికి పక్కన పెట్టి, మనవాళ్లు అమెరికా వచ్చిన ఫోటోలు మాత్రమే పెడతామని చెబితే హాలు మళ్లీ ఇస్తారేమో అడగనా?

షుగర్‌ల్యాండ్, 9:31
వద్దు బాబాయ్‌గారూ. మనవాళ్లు రావడానికి దారి ఎవరు వేశారు? 1946 చట్టంలో మొత్తం భారతదేశానికి ఇచ్చిన కోటా ఏడాదికి వంద మంది. 1964లో సివిల్ రైట్స్ చట్టం వచ్చింది, మరుసటి ఏడాదే ఇమిగ్రేషన్ చట్టం మారింది. నల్లజాతివాళ్ల ఆ పోరాటం లేకపోతే మా మామగారు 1971లో ఇక్కడ అడుగు పెట్టేవారా? వాళ్ల కాగితాలు తీసేసి మన ఫోటోలు పెట్టుకునేటట్టయితే నేను రాను.

పేర్‌ల్యాండ్, 9:50
తీసేయాలని కాదమ్మా. ఇంతమందిని పిలిచాం, చోటు లేదంటే టెన్షన్ పట్టుకుంది. తొందరపడి అన్నాను.

సిటీ, 10:12
కేటీ అన్నా, ఆ సెట్ గురించి నేను ముందే చెప్పాల్సింది. ఆ పోస్టర్ నాకు మొదట్నుంచీ అనుమానమే. పాతగా కనిపించాలని కాగితానికి టీ రంగు వేశారు. అసలు ఏ లైబ్రరీలో ఉందో రాయలేదు. వేలాలు జరిగిన మాట నిజం, కానీ ఈ కాగితం నిజమైనదని మనం ఎలా చెప్పగలం? ఒక్కటి నకిలీ అని తేలితే పక్కనున్న నిజమైనవి కూడా ఎవరూ నమ్మరు. నేషనల్ ఆర్కైవ్స్‌లో మంచి స్కాన్లు ఉచితంగా దొరుకుతాయి. రికార్డు నంబరుతో సహా కింద రాసుకోవచ్చు.

కేటీ, 10:30
సరే. ఆ సెట్ మొత్తం తీసేస్తున్నాను. తమ్ముడూ, ఇందాక కోపంలో అనేశాను, మనసులో పెట్టుకోకు.

సైప్రస్, 10:33
నేనూ అలా అడగాల్సింది కాదన్నా.

సిటీ, బుధవారం ఉదయం 5:50
నిద్ర పట్టలేదు. 1860 సెన్సస్‌లో బానిసల లెక్క విడిగా రాశారు కదా, టెక్సాస్ పేజీ ఒకటి దింపాను. యజమాని పేరు ఉంది. దాని కింద వయసు, ఆడో మగో, రంగు. మనుషుల పేర్లు రాయడానికి ఆ ఫారంలో గడే లేదు. ఏడాది నిండని బిడ్డ వయసు 6/12 అని ఉంది. దీని పక్కన తెలుగు వివరణ రెండు వాక్యాలకు మించి వద్దు, చూసేవాళ్లను చదవనిద్దాం.

రెండోది జనరల్ ఆర్డర్ నంబర్ 3. 1865 జూన్ 19న గాల్వెస్టన్‌లో ఇచ్చింది. బానిసలందరికీ విముక్తి అన్న మాటతో ఆపకుండా పేజీ మొత్తం పెడదాం. ఉన్నచోటే నెమ్మదిగా ఉండి కూలికి పని చేసుకోమనీ, ఊరికే కూర్చుంటే పోషించేది లేదనీ కూడా అందులోనే ఉంది. లింకన్ ప్రకటన తర్వాత రెండున్నరేళ్లు ఆగినవాళ్లకు అందిన కాగితం అది.

మూడోది మా ఇంటిది. 1947 నాటి ఇల్లు కదా, కౌంటీ రికార్డుల్లో పాత డీడ్ (ఇంటి దస్తావేజు) షరతులు వెతికాను. కాకేసియన్లు తప్ప ఎవరూ ఉండకూడదని ఉంది, ఇంట్లో పని చేసేవాళ్లకు మాత్రం మినహాయింపు. ఇలాంటి షరతులను కోర్టులు అమలు చేయకూడదని 1948లో సుప్రీంకోర్టు చెప్పింది. తానూ కాకేసియన్‌నే అని వాదించిన, పంజాబ్ నుంచి వచ్చిన భగత్ సింగ్ థింద్‌కు 1923లో అదే కోర్టు పౌరసత్వం లేదంది. ఆ తీర్పు మొదటి పేజీ దీని పక్కనే పెడదాం. ఇది మా వంటింట్లో కూర్చుని రాస్తున్నాను. ఆ కాగితం ప్రకారం నేను ఇక్కడ ఉండకూడదు.

షుగర్‌ల్యాండ్, 6:40
చదివి కాసేపు ఏమీ తోచలేదు. తెలుగు వివరణలు నేను రాస్తాను, ఈ రోజు సెలవు పెట్టాను.

సైప్రస్, 7:15
మా ఇళ్ల కాలనీలో స్విమ్మింగ్ పూల్ పక్కన పెవిలియన్ ఉంది, అక్కడ ఉండేవాళ్లకు ఉచితం. ఏ కాగితాలు పెడతామో మొత్తం చూపించి అడిగాను, శనివారానికి మన పేరున రాసిచ్చారు. పైకప్పు ఉంది, గోడలు లేవు, కరెంటు లేదు.

కేటీ, 7:22
గోడలు లేకపోతే తాళ్లు కడదాం. స్తంభానికీ స్తంభానికీ మధ్య బట్టలారేసే తాడు, క్లిప్పులు. బోర్డులు వద్దు, 11×17 కాగితాల మీద ప్రింట్ తీసి లామినేట్ చేయిస్తే ఈ ఉక్కకు, వానకు తట్టుకుంటాయి. 18 కాగితాలు, ఉన్న డబ్బులోనే అయిపోతుంది.

పేర్‌ల్యాండ్, 9:10
ఒక కాగితం నాకు వదలండి. మా ఆఫీసులో ఆఫ్రికన్ అమెరికన్ మిత్రుడికి రాత్రి జరిగింది చెప్పాను. ఎమాన్సిపేషన్ పార్క్ సంగతి గుర్తు చేశాడు. బానిసత్వం నుంచి బయటపడినవాళ్లు ఈ పండుగ జరుపుకోవడానికి సొంత చోటు ఉండాలని, రెవరెండ్ జాక్ యేట్స్ వాళ్లతో కలిసి చందాలు పోగేసి 1872లో పదెకరాలు కొన్నారు. ఆ పార్కు పక్కనుంచి ఇన్నేళ్లు కారులో వెళ్తూనే ఉన్నాను.

సిటీ, 9:18
తప్పకుండా బాబాయ్. పోల్ టాక్స్ రసీదు స్కాన్ కూడా ఒకటి వెతుకుతున్నాను. టెక్సాస్‌లో ఓటు వేయాలంటే డాలరున్నర, కొన్ని కౌంటీల్లో డాలరు డెబ్బై ఐదు సెంట్లు కట్టాల్సి వచ్చేది.

పేర్‌ల్యాండ్, 12:45
స్కాన్ వెతకనక్కర్లేదు. మా మిత్రుడి అమ్మగారి దగ్గర అసలుదే ఉందట, ఆవిడ తల్లి కట్టినది. శనివారం తీసుకొస్తానన్నారు. తాడుకి కట్టనివ్వరు, ఎవరికీ ఇవ్వరు, తన చేతిలోనే పట్టుకుని చూపిస్తారట.

షుగర్‌ల్యాండ్, 12:51
ఆవిడ వయసెంత బాబాయ్?

పేర్‌ల్యాండ్, 12:53
ఎనభై దాటాయి.

సైప్రస్, 12:58
మా ఇంట్లోంచి చేతుల కుర్చీ తెస్తాను. పడమటి వైపు మధ్యాహ్నం ఎండ పడుతుంది. తూర్పు స్తంభం దగ్గర వేద్దాం, అక్కడ తాడు కట్టకండి.