కార్బురేటర్ మెకానిక్ ఎఫ్‌ఐ (ఫ్యూయెల్ ఇంజెక్షన్) పని ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న: 2020 ఏప్రిల్‌లో బీఎస్‌6 కాలుష్య నియమాలు వచ్చాక కొత్త బళ్లు దాదాపు అన్నీ ఎఫ్‌ఐవే. స్క్రూ తిప్పి ఐడ్లింగ్ సెట్ చేసే చెయ్యి ఇప్పుడేం నేర్చుకోవాలి? లోపాల కోడ్లు చదివే స్కానర్ కొనేయాలా?

జవాబు: స్కానర్ తర్వాత అన్నా, ముందు మల్టీమీటర్ పట్టండి. కీ ఆన్ చేస్తే ఫ్యూయెల్ పంపు 2, 3 సెకన్లు గుయ్‌మనాలి. అనకపోతే ఫ్యూజు, రిలే చూశాకే పంపు. బ్యాటరీ 12.4 వోల్టుల కిందకుంటే ముందు చార్జింగే.

మరో జవాబు: పాత అలవాటుకొద్దీ పెట్రోల్ పైపు లాగేయకండి! లోపల దాదాపు 3 బార్ ప్రెజర్, మొహాన కొడుతుంది. పంపు కనెక్టర్ తీసి, ఇంజిన్ దానంతటదే ఆగేదాకా నడిపి, అప్పుడు విప్పండి. స్కానర్ కోడ్ చూపిందని సెన్సర్ మార్చేయొద్దు. చాలాసార్లు కనెక్టర్‌లో పచ్చటి చిలుమే.

ప్రశ్న: టెస్ట్ ల్యాంప్ వాడొచ్చా?

జవాబు: ఈసీయూ (ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్) వైర్ల మీద వద్దు. బల్బు లాగే కరెంటుకు లోపలి సర్క్యూట్ కాలిపోవచ్చు.