నడుము నొప్పికి వన్-ఆన్-వన్ పిలాటీస్: అంత డబ్బు పెట్టొచ్చా?

కొండాపూర్_పిల్ల

నమస్తే అందరికీ. సూటిగా విషయానికొస్తాను. నాకు 36, ఐటీ ఉద్యోగం, వారంలో సగం ఇంటి నుంచే పని. నడుము కింది భాగంలో నొప్పి మొదలై ఏడాది దాటింది. పొద్దున లేచేసరికి పట్టేసినట్టు ఉంటుంది, అటూ ఇటూ తిరిగితే కాస్త సర్దుకుంటుంది, మధ్యాహ్నం మీటింగులు అయ్యేసరికి మళ్లీ మొదటికొస్తుంది. కాల్లోకి లాగడం, తిమ్మిరి ఏమీ లేవు. ఎం.ఆర్.ఐ. తీస్తే ఎల్4-ఎల్5 (నడుము కింది వెన్నుపూసలు) దగ్గర కొద్దిగా డిస్క్ బల్జ్, అంటే పూసల మధ్య ఉండే మెత్త బయటికి ఉబ్బడం, అని వచ్చింది. డాక్టర్ గారు ఆపరేషన్ ఊసెత్తలేదు, వ్యాయామం చెయ్యమన్నారు.

దీనికి తోడు గూని ఒకటి. భుజాలు ముందుకు పడిపోయాయి, పెళ్లి ఫొటోల్లో నన్ను నేను చూసుకుంటే మా నాయనమ్మ గుర్తొస్తోంది. అమ్మ అయితే ఫోన్ చేసినప్పుడల్లా "నిటారుగా కూర్చో" అనే మాటతోనే మొదలుపెడుతుంది.

మా అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లో గ్రూప్ మ్యాట్ పిలాటీస్ (పొట్ట, నడుము కండరాలకి బలం కోసం చాప మీద నెమ్మదిగా చేసే వ్యాయామాలు) పెడితే చేరాను. ఇరవై మందికి ఒక్క టీచర్. నడుము సంగతేమో గానీ మెడ పట్టేసింది, మానేశాను. ఇప్పుడు దగ్గర్లోని స్టూడియోలో రిఫార్మర్ (స్ప్రింగులతో అటూ ఇటూ జారే బల్ల ఉన్న మెషీన్) మీద వన్-ఆన్-వన్, అంటే నా ఒక్కదానికే ఒక టీచర్, అడిగితే క్లాసుకి రెండు వేలు అన్నారు. వారానికి రెండంటే నెలకి పదహారు వేలు! మా ఆయన ఏమీ అనలేదు గానీ ఆ అనకపోవడంలోనే అర్థమైంది. నిజంగా తేడా ఉంటుందా, లేక ఆ మెషీన్ మీద మోజా? చేసినవాళ్లు చెప్పండి ప్లీజ్.

డల్లాస్_అక్క

తేడా ఉంటుంది, కానీ నువ్వనుకుంటున్న చోట కాదమ్మా. నాకు రెండో డెలివరీ తర్వాత పట్టుకుంది నడుము నొప్పి, పిల్లాణ్ణి కార్ సీట్లోంచి వంగి తీస్తే చాలు ప్రాణం పోయేది. మా ఇన్సూరెన్స్ పిలాటీస్‌కి పైసా ఇవ్వదు కాబట్టి నేనూ నీలాగే లెక్కలు వేసుకునే వెళ్లాను.

మొదటి క్లాసులో నన్ను రిఫార్మర్ ఎక్కనివ్వలేదు. నిలబెట్టి పక్కనుంచి చూసింది, నడవమంది, వంగమంది, కుర్చీలోంచి లేవమంది. తర్వాత వెల్లకిలా పడుకోబెట్టి మోకాళ్లు మడిచి ఊపిరి తీసుకోమంది, అంతే, దాదాపు సగం క్లాసు ఊపిరితోనే అయిపోయింది. నాకు ఒళ్లు మండింది, ఊపిరి పీల్చడానికా ఇన్ని డాలర్లు అని! కానీ తను పట్టుకున్నది అదే: ఏ కొంచెం కష్టమైన కదలిక వచ్చినా నేను ఊపిరి బిగబట్టి, కడుపు రాయిలా చేసేసి, పక్కటెముకలు పైకి లేపేస్తున్నాను, దాంతో నడుము నేల మీంచి విల్లులా లేచిపోతోంది. బరువేదీ పొట్ట కండరాల మీదికి రావట్లేదు, మొత్తం నడుమే మోస్తోంది. గ్రూప్ క్లాసులో ఇది ఎవరికి కనిపిస్తుంది చెప్పు?

నీ మెడ సంగతి కూడా నాకు తెలుసనుకుంటా. "హండ్రెడ్" చేయించారా? వెల్లకిలా పడుకుని తలా భుజాలూ లేపి, కాళ్లు గాల్లో పెట్టి, చేతులు కొడుతూ వంద లెక్కపెట్టేది. పొట్టలో బలం లేనప్పుడు ఆ తలని మెడే మోస్తుంది. మా టీచర్ నా చేత చాలా వారాలు తల కిందే పెట్టి, మోకాళ్లు మడిచి చేయించింది.

పోశ్చర్ విషయంలో మాత్రం ఓపిక కావాలి. నొప్పి ముందు తగ్గింది, భుజాల తీరు చాలా నెమ్మదిగా మారింది.

నిజామాబాద్_అన్న

ఏమనుకోకండి గానీ ఇదంతా హీరోయిన్లు ఇన్‌స్టాలో పెట్టి పెట్టి తెచ్చిన ఫ్యాషన్. పదహారు వేలా? మా అమ్మ, మా పెద్దమ్మ పొద్దంతా నడుం వంచి నాట్లేసేవాళ్లు, వాళ్లకి ఏ రిఫార్మరూ లేదు. పొద్దున్నే లేచి సూర్య నమస్కారాలు చెయ్యండి చెల్లెమ్మా, రూపాయి ఖర్చు లేదు.

ఫిజియో_విశాఖ

నేను ఫిజియోథెరపిస్టుని, పిలాటీస్ కూడా నేర్చుకున్నాను, కాబట్టి నా మాటల్లో కొంత పక్షపాతం ఉందనుకునే చదవండి.

ముందు నిజామాబాద్ అన్నకి. నాట్లేసే ఆడవాళ్లకి నడుము నొప్పి లేదని ఎవరన్నారండీ? ఉంటుంది, బాగా ఉంటుంది. రాత్రికి నొప్పుల నూనె రాయించుకుని, గోలీ వేసుకుని పొద్దున్నే మళ్లీ మడిలోకి దిగుతారు, మన దాకా వచ్చి చెప్పరు, అంతే. ఇక ఫ్యాషన్ సంగతి. జోసెఫ్ పిలాటీస్ 1883లో పుట్టిన జర్మన్. మొదటి ప్రపంచ యుద్ధం వచ్చేసరికి ఇంగ్లండ్‌లో ఉండటంతో శత్రుదేశం వాడని నిర్బంధ శిబిరంలో పెట్టారు. అక్కడే తోటివాళ్లతో ఈ వ్యాయామాలు చేయించాడు, మంచాలకు స్ప్రింగులు బిగించి మంచం పట్టినవాళ్లతో కూడా చేయించాడని చెబుతారు. 1920ల్లో న్యూయార్క్ వెళ్లి స్టూడియో పెట్టాక గాయాలైన డాన్సర్లు ఆయన దగ్గరికి వెళ్లేవాళ్లు. హీరోయిన్లు చాలా ఆలస్యంగా వచ్చారు.

అయితే అన్న మాటలో నిజం కూడా ఉంది. 2015లో కాక్రేన్ (వైద్య పరిశోధనల్ని జల్లెడ పట్టి చూసే సంస్థ) వాళ్లు పిలాటీస్, నడుము నొప్పి మీద అప్పటిదాకా జరిగిన పరీక్షలన్నీ కలిపి చూశారు, 10 ట్రయల్స్, 510 మంది. ఏమీ చెయ్యకుండా ఉండటం కంటే పిలాటీస్ మేలే అని తేలింది, కానీ మిగతా వ్యాయామాల కంటే గొప్పదని గట్టిగా చెప్పే ఆధారం దొరకలేదు. అంటే యోగా అయినా, జిమ్ అయినా, పిలాటీస్ అయినా మీరు మానకుండా చేసేదే మీకు పనికొచ్చేది. సూర్య నమస్కారాలు మంచివే, కానీ వాటిలో ముందుకు వంగడం మళ్లీ మళ్లీ వస్తుంది. ముందుకు వంగితే నొప్పి పెరిగేవాళ్లు పొద్దున లేవగానే పట్టేసిన నడుముతో అవి మొదలుపెడితే ఇబ్బందే.

పద్ధతి ఏదైనా ఒకటే అయినప్పుడు వన్-ఆన్-వన్ ఎందుకంటారా? మీరు డబ్బు పెట్టేది మెషీన్‌కి కాదు, చూసే కళ్లకి. "డిస్క్ బల్జ్" అని రిపోర్టులో ఒకేలా ఉన్న ఇద్దరిలో ఒకరికి వంగితే నొప్పి, ఇంకొకరికి వెనక్కి వాలితే నొప్పి. మొదటివాళ్లకి రోల్ అప్ (వెల్లకిలా పడుకుని వెన్ను చుట్టుకుంటూ లేచి ముందుకు వంగడం) లాంటివి కొన్నాళ్లు పక్కనపెట్టి, బోర్లా పడుకుని ఛాతీ కొంచెం పైకెత్తే స్వాన్ మొదటి మెట్టుతో మొదలుపెడతాం. రెండోవాళ్లకి అదే స్వాన్ నొప్పి పెంచుతుంది. ఇరవై మంది క్లాసులో అందరికీ ఒకటే వరస నడుస్తుంది.

ఆ బల్జ్ మాట కూడా మనసులోంచి తీసెయ్యండి. నడుము నొప్పి అసలే లేనివాళ్లకి స్కాన్ తీస్తే 20 ఏళ్ల వయసులోనే సుమారు 30 శాతం మందిలో బల్జ్ కనిపిస్తుంది, 80 ఏళ్లకి 84 శాతం. వెంట్రుకలు నెరిసినట్టే అనుకోండి.

రిఫార్మర్ వల్ల లాభం ఏంటంటే, వెల్లకిలా పడుకునే స్ప్రింగుల మీద కాళ్లతో తోయొచ్చు, కాళ్లకి పని పడుతుంది, వెన్ను మీద నిలబడ్డప్పటి బరువు ఉండదు. కూర్చుంటే, నిలబడితే నొప్పి వచ్చేవాళ్లకి భయం పోగొట్టడానికి ఇది బాగా పనికొస్తుంది. సగం మంది పేషెంట్లకి అసలు జబ్బు ఆ భయమే, వంగితే ఏదో జారిపోతుందని.

కొండాపూర్_పిల్ల

అందరికీ థ్యాంక్స్. డల్లాస్ అక్కా, అవును, హండ్రెడే!! విశాఖ గారూ, మీరు చెప్పాక గమనించాను, నాకు ముందుకు వంగి సాక్సులు వేసుకునేటప్పుడే ఎక్కువ. బోర్లా పడుకుని ఫోన్ చూస్తే హాయిగా ఉంటుంది (అమ్మకి చెప్పకండి). రెండు డౌట్లు. ఒకటి, ఈ క్లాసులు జన్మంతా వెళ్లాలా? రెండు, గూని పోతుందా పోదా?

ఫిజియో_విశాఖ

జన్మంతా అక్కర్లేదండీ. ముందు ఒక నెల, నెలన్నర వన్-ఆన్-వన్ వెళ్లండి. ఆ టీచర్‌కి మొదటి రోజే చెప్పండి, "ఇంట్లో చాప మీద చేసుకునేవి నాకు నేర్పాలి" అని. ఆ మాటకి మొహం మాడ్చుకుంటే ఇంకో చోటు చూసుకోండి. ఆ తర్వాత ఇంట్లో రోజూ పావుగంట, నెలకో క్లాసు సరిచూసుకోవడానికి చాలు.

అందరికీ ఉపయోగపడే ఒక పరీక్ష చెప్తాను. వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడవండి. రెండు అరచేతుల మణికట్టు వైపు భాగాలు ముందువైపు తుంటి ఎముకల మీద, వేళ్ల చివర్లు కింద జఘనాస్థి (పొత్తికడుపు కింద తగిలే ఎముక) మీద పెట్టి త్రికోణంలా చెయ్యండి. ఆ త్రికోణం నేలకి సమాంతరంగా ఉంటే అదే న్యూట్రల్, అంటే నడుము సహజంగా ఉండే స్థితి. ఇప్పుడు ఊపిరి వదులుతూ ఒక కాలు నేల మీంచి లేపండి. త్రికోణం అటో ఇటో ఒరిగిందా? ఒరగకుండా కాలు లేపడమే మొదటి పాఠం. చూడటానికి ఏమీ లేనట్టుంటుంది, చేస్తే చెమట పడుతుంది.

గూని గురించి: ఎముకలో వచ్చిన వంపు కాకపోతే చాలావరకు మెరుగుపడుతుంది, వీపు పైభాగం బిగుసుకుపోవడం తగ్గాలి, అక్కడి కండరాలకి ఓర్పు రావాలి. కానీ రోజంతా మిలిటరీ వాళ్లలా బిగుసుకు కూర్చోవడం పరిష్కారం కాదు, దానివల్లా నొప్పి వస్తుంది. అన్ని వేళలా పనికొచ్చే ఒకే ఒక్క సరైన భంగిమ అంటూ లేదు, అరగంటకోసారి లేచి కదలడం ముఖ్యం. ల్యాప్‌టాప్ కింద నాలుగు లావుపాటి పుస్తకాలు పెట్టి విడిగా కీబోర్డ్ కొనుక్కోండి, కాళ్లు నేలకి అందకపోతే కింద పీట వేసుకోండి.

ఒక్క హెచ్చరిక, ఇది ఈ థ్రెడ్ చదివే ఎవరికైనా. తొడల మధ్య తిమ్మిరి, మూత్రం మీద గానీ విరేచనం మీద గానీ అదుపు పోవడం, కాలు బలం తగ్గుతూ రావడం, ఇవి కనిపిస్తే పిలాటీసూ వద్దు, ఫోరమూ వద్దు, అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. జ్వరంతో నడుము నొప్పి వచ్చినా, కారణం లేకుండా బరువు తగ్గుతున్నా ముందు డాక్టర్ దగ్గరికే. ఎముకలు గుల్లబారిన పెద్దవాళ్లయితే రోల్ అప్ లాంటి ముందుకు వంగేవి చెయ్యకూడదు, వెన్నుపూస విరిగే ప్రమాదం ఉంది.

కాకినాడ_కాజా

డబ్బు మాట నేను చెప్తా. చాలా స్టూడియోల్లో డ్యుయెట్ అని ఉంటుంది, ఇద్దరికి ఒక టీచర్, మనిషికి ఖర్చు తగ్గుతుంది. నేనూ మా వదినా అలాగే వెళ్తున్నాం, ఇద్దరికీ నొప్పులు వేరైనా ఆవిడ ఎవరివి వాళ్లకే చేయిస్తుంది. ఒకళ్లు ఎగ్గొడితే ఇంకొకళ్లు తిడతారు, అదొక లాభం. ఇంకోటి, టీచర్ ఎక్కడ నేర్చుకుందో అడగడానికి మొహమాటపడకండి. వీకెండ్ సర్టిఫికెట్ వేరు, నాలుగైదు వందల గంటలు చూసి, చేసి, నేర్పి తెచ్చుకున్న సర్టిఫికెట్ వేరు. ముందే ఏడాది ప్యాకేజీ కట్టించుకునే చోటికి అస్సలు వెళ్లొద్దు.

నిజామాబాద్_అన్న

సరే సరే, ఒప్పుకుంటున్న. విశాఖ గారూ, నేను రోజూ బైక్ మీద నలభై కిలోమీటర్లు పోతా, స్పీడ్ బ్రేకర్ వస్తే నడుంలో కలుక్కుమంటది. నాకు కూడా ఆ త్రికోణమేనా?

ఫిజియో_విశాఖ

మీకు ముందు బైక్ షాక్ అబ్జార్బర్లు చూపించుకోండన్నా :) తర్వాత త్రికోణం.