అమ్మ ఒక్కతే డాలస్ వెళ్తోంది, దారంతా నీళ్లు తాగదు, ఏం చేయాలి?

వనస్థలిపురం పిల్ల:

నమస్కారం అందరికీ. కాస్త పొడుగు పోస్టు, ఏమనుకోకండి. మా అమ్మకి 66 ఏళ్లు. చెల్లి డాలస్ దగ్గర ఉంటుంది, నవంబరులో డెలివరీ. అమ్మ అక్టోబరు మూడో వారంలో బయల్దేరాలి, ఈసారి ఒక్కతే. నాన్న పోయాక ఇదే మొదటి ప్రయాణం. నాకేమో పిల్లల పరీక్షలు, ఆఫీసులో సెలవు లేదు, వెంట వెళ్లి దిగబెట్టి వద్దామన్నా కుదరదు.

నా టెన్షన్ అంతా పోయినసారి జరిగింది గుర్తొచ్చే. మూడేళ్ల కిందట అమ్మానాన్నలిద్దరూ వెళ్లారు. తెల్లవారుజామున 4 గంటల ఫ్లైట్, రాత్రి 12 కల్లా శంషాబాద్‌లో దింపి వచ్చేశాను. ఇంటికొచ్చి నడుం వాల్చానో లేదో నాన్న ఫోన్, 40 నిమిషాలు లేటట. ఆ తర్వాత ఇంకో గంట. ఆ తర్వాత గంటన్నర. చివరికి ఎక్కించారు, తలుపులేశారు, హమ్మయ్య అనుకుంటే రెండు గంటలు అక్కడే నిలబెట్టారు. ఏసీ వచ్చీ రానట్టు వస్తోందట, సీటు జేబులో ఉండే సేఫ్టీ కార్డులు తీసి అందరూ విసనకర్రల్లా విసురుకున్నారట. మళ్లీ దింపారు. మొత్తం 9 గంటలు ఆలస్యం. గల్ఫ్‌లో ఎక్కాల్సిన రెండో విమానం కాస్తా వెళ్లిపోయింది, మర్నాటిదాకా అక్కడే కుర్చీల్లో. ఇంతా చేసి శంషాబాద్‌లో వీళ్ల చేతిలో పెట్టింది ఒక కూపను, దానికి వచ్చింది ఒక సమోసా, ఒక టీ. నాన్న ఆ రసీదు ముక్క పర్సులో దాచుకుని మరీ అమెరికా పట్టుకెళ్లాడు, చెల్లికి చూపించడానికి.

అదంతా ఒక ఎత్తు, అమ్మ చేసింది ఒక ఎత్తు. ఇంట్లో బయల్దేరింది మొదలు నీళ్లు ముట్టలేదు. తాగితే బాత్‌రూమ్‌కి వెళ్లాలి, వెళ్లాలంటే పక్కాయన్ని లేపాలి, ఆయనేమో దుప్పటి ముసుగేసుకుని నిద్ర. రెండో విమానం 16 గంటలు, అందులో ఒక్కసారి లేచింది. దిగేసరికి పాదాలు ఉబ్బి చెప్పుల్లో పట్టలేదు, ఇమిగ్రేషన్ లైన్లో కళ్లు తిరిగి కూలబడింది. "ఏం కాలేదే, ఎండకి" అంటుంది ఇప్పటికీ. ఎయిర్‌పోర్టు లోపల ఎండేమిటో నాకు తెలీదు.

ఇంతకీ అడగాల్సింది ఏంటంటే, ఫ్లైట్ ఇలా లేటైతే ఒంటరిగా ఉన్న పెద్దావిడ ఎవరిని అడగాలి, ఏం అడగాలి? గల్ఫ్‌ దాకా ఒక టికెట్టు, అక్కడి నుంచి ఇంకో టికెట్టు విడిగా కొంటే బాగా తగ్గుతుందని మా బావ అంటున్నాడు, కొనొచ్చా? బీపీ, థైరాయిడ్ మాత్రలు ఏ టైముకి వేసుకోవాలి? అన్నిటికంటే ముందు, ఆవిడ చేత నీళ్లు తాగించడం ఎలా?


కౌంటర్ అవతలివాడు:

ఎయిర్‌పోర్టులో చెకిన్ కౌంటర్ మీద పనిచేసి మానేసినవాణ్ని. ముందు మీ బావగారి సంగతి. విడి టికెట్లు వద్దండి. రెండు ఫ్లైట్లూ ఒకే పీఎన్ఆర్ (బుకింగ్ నంబరు) మీద ఉంటే మొదటి ఫ్లైట్ లేటై రెండోది తప్పిపోతే, తర్వాతి దాంట్లో ఎక్కించే బాధ్యత ఎయిర్‌లైన్‌ది. విడివిడిగా కొంటే రెండో ఎయిర్‌లైన్ దృష్టిలో మీ అమ్మగారు అసలు రానే రాలేదు, అంతే, టికెట్టు పోయినట్టే. మిగిలిన డబ్బు అక్కడ రెట్టింపై పోతుంది.

దుబాయ్, దోహాల నుంచి డాలస్‌కి నేరుగా విమానాలున్నాయి, అలాంటిదే చూడండి. న్యూయార్క్‌లోనో షికాగోలోనో మారే టికెట్టు కొంటే ఇమిగ్రేషన్ అక్కడే, సామాను అక్కడే తీసుకుని మళ్లీ వేయాలి, ఆ వయసులో ఒంటరిగా ఆ పరుగు వద్దు. మధ్యలో ఆగే టైము మూడు నాలుగు గంటలకి తగ్గకుండా చూసుకోండి, గంటన్నర ఉన్నది చవగ్గా కనిపిస్తుంది, మోసపోకండి.

ఇక ఆలస్యాన్ని అలా ముక్కలు ముక్కలుగా చెప్పడం గురించి. మీరు తిట్టుకుంటారుగానీ చాలాసార్లు కౌంటర్ మీద ఉన్నవాడికి కూడా తెలీదు. ఇంజనీరు అరగంట అంటాడు, మేం అదే చెప్తాం. ఆ అరగంటలో తేలదు. ఈలోగా పైలట్లకీ సిబ్బందికీ రోజుకి ఇన్ని గంటలే డ్యూటీ అని పరిమితి ఉంటుంది, ఆలస్యం కొద్దీ అది దాటిపోతుంది, అప్పుడు విమానం బాగైనా నడిపే మనిషి ఉండడు, కొత్త సిబ్బందిని పిలిపించాలి. మీవాళ్లని ఎక్కించి దింపారంటే ఇలాంటిదే అయ్యుంటుందని నా అనుమానం.

డీజీసీఏ (మన దేశంలో విమానాల మీద అజమాయిషీ చేసే సంస్థ) నిబంధన ప్రకారం, హైదరాబాద్ నుంచి గల్ఫ్‌కి లాగా రెండున్నర నుంచి ఐదు గంటలు పట్టే ఫ్లైట్ 3 గంటలు, అంతకన్నా పొడుగు ఫ్లైట్ 4 గంటలు, ఆ పైన ఆలస్యమయ్యేటట్టుంటే తిండీ తాగడానికీ ఇవ్వాలి. రాత్రి 8 నుంచి తెల్లవారుజాము 3 లోపు బయల్దేరాల్సిన ఫ్లైట్ 6 గంటలకు మించి లేటైతే హోటల్ కూడా. మీ అమ్మానాన్నలది 4 గంటల ఫ్లైట్, ఒక్క గంట తేడాతో ఆ లెక్కలోకి రాలేదు. వాతావరణం, ఏటీసీ (విమానాల రాకపోకల్ని నియంత్రించేవాళ్లు) లాంటి తమ చేతిలో లేని కారణమైతే ఎయిర్‌లైన్ తప్పించుకోవచ్చు. విదేశీ ఎయిర్‌లైన్ అయితే వాళ్ల దేశం రూల్సు ముందు పెడతారు. యూరప్ వాళ్లకి ఆలస్యానికి పరిహారం ఇచ్చే 261 నంబరు చట్టం ఉందిగానీ, ఇండియా నుంచి అమెరికాకి ఒకే టికెట్టు మీద యూరప్‌లో మారి వెళ్లేవాళ్లకి అది వర్తించదు. అడిగితేనే ఇస్తారు, ఊరికే ఎవరూ పిలిచి ఇవ్వరు.

వీల్‌చైర్ 48 గంటల ముందే చెప్పి పెట్టండి. కానీ ఒక్క మాట. వీల్‌చైర్ అబ్బాయి గేటు దగ్గర కూర్చోబెట్టి వెళ్లిపోతాడు. ఫ్లైట్ లేటైనప్పుడు గేటు మారుతుంది, ఆ ప్రకటన పెద్దవాళ్లకి వినపడదు. కాబట్టి పక్కన కూర్చున్నవాళ్లకి బోర్డింగ్ పాస్ చూపించి "మీరూ ఇదేనా" అని అడగమనండి. మీరు ఫోన్లో ఫ్లైట్ నంబరు ఫాలో అవుతూ ఉండండి, గేటు మారితే ఆవిడకన్నా మీకే ముందు తెలుస్తుంది.


బోయిన్‌పల్లి బాబాయ్:

ఈమాత్రం దానికి ఇంత హైరానా ఎందుకు? నేను 71 ఏళ్ల వాణ్ని, మొన్న ఒక్కణ్నే వెళ్లొచ్చాను. లేటైతే లేటైంది, అవతల రైలేమైనా తప్పిపోతోందా. పులిహోర డబ్బా క్యాబిన్ బ్యాగులో పెట్టండి, దాన్ని ఎవరూ ఆపరు, పచ్చడి సీసా మాత్రం నూనె కదా, సెక్యూరిటీలో తీసేస్తారు, చెకిన్‌లో వేయండి. ఎండు కొబ్బరి చెకిన్‌లో కూడా వేయకండి, మంటంటుకునే సరుకని తీయిస్తారు. పచ్చి కరివేపాకు అమెరికా వాళ్లు రానివ్వరు. పవర్ బ్యాంక్ చేతి సంచీలోనే. అంతే, వెళ్లి రండి.


మల్కాజిగిరి అమ్మమ్మ:

బాబాయ్ గారూ, మీరు మగవాళ్లు, మీకు హైరానా ఏముంటుంది.

తల్లీ, పక్కాయన్ని లేపలేక మీ అమ్మ నీళ్లు మానేసిందనుకుంటున్నావు. మా పిల్లలకి నేనూ అదే చెప్పాను. అసలు సంగతి అది కాదు.

నేను నాలుగుసార్లు వెళ్లొచ్చాను. మొదటిసారి ఆ బాత్‌రూమ్ తలుపు ముందు నిలబడి గడియ కోసం, పిడి కోసం వెతుక్కున్నాను, ఏమీ లేదు. మధ్యలో నెడితే మడతపడి లోపలికి పోతుందని ఎవరూ చెప్పలేదు. వెనకాల నలుగురు నిలబడి చూస్తున్నారు. లోపలికెళ్తే మసక చీకటి. గడియ జరిపితేనే లైటు పూర్తిగా వెలుగుతుంది, అదీ తెలీదు. గడియ వేస్తే మళ్లీ రాదేమోనని ఒక భయం, వేయకపోతే ఎవరైనా తోసుకొస్తారని ఇంకో భయం. ఒక చేత్తో తలుపు పట్టుకుని, ఇంకో చేత్తో చీర పట్టుకుని, ఆ కాస్త జాగాలో నేను పడ్డ అవస్థ ఆ పైవాడికే తెలుసు. ఫ్లష్ నొక్కితే పులి గాండ్రించినట్టు చప్పుడు, నన్ను కూడా లాగేస్తుందేమోననిపించింది. పైగా నీళ్లుండవు, మగ్గుండదు, కాగితాలే. ఇది కూతురికి ఫోన్ చేసి చెప్పుకునే మాటా చెప్పు? అందుకని పక్కాయన మీద నెట్టేశాం.

రెండోసారి వెళ్లేముందు మా కోడలు కనిపెట్టింది. కనిపెట్టిందంటే, నన్నడగలేదు. ఒక చిన్న ఖాళీ నీళ్ల సీసా నా చేతిసంచీలో పెట్టి, "అత్తయ్యా, లోపల కుళాయి ఉంటుంది, ఇది నింపుకోండి" అని మెల్లగా చెప్పింది. ఖాళీదైతే సెక్యూరిటీ వాళ్లు ఏమీ అనరు. ఫోన్లో వీడియో పెట్టి తలుపు ఎలా మడతపడుతుందో చూపించింది. గడియ ఒకవేళ రాకపోయినా బయటి నుంచి విమానం వాళ్లు తీయగలరని కూడా చెప్పింది, ఆ ఒక్క మాటతో నా ప్రాణం కుదుటపడింది. అప్పటి నుంచి సుఖంగా నీళ్లు తాగుతున్నాను.

ఇంకోటి, చీర వద్దు. చుడీదార్, లేదంటే వదులుగా ఉండే ప్యాంటు, మీ అమ్మ గొడవ చేస్తుంది, చేయనీ. సీటు ఐల్ సీటు (నడవ పక్కది) తీసుకో, డబ్బు కట్టమన్నా కట్టు, బాత్‌రూమ్‌కి మరీ ఆనుకుని కాకుండా నాలుగైదు వరసలు ఇవతల. ఆనుకుని ఉంటే రాత్రంతా ఆ పులి గాండ్రింపే. భోజనం టికెట్టు బుక్ చేసినప్పుడే ఏషియన్ వెజ్ అని పెట్టించు, మిగతావాళ్లకన్నా ముందే తెచ్చిస్తారు. ట్రే తీసేశాక మొదట పరుగెత్తేది బాత్‌రూమ్‌కే అందరూ, కాబట్టి ముందు తిన్నవాళ్లు ముందు వెళ్లొచ్చేయొచ్చు. ఇది మాత్రం నా సొంత తెలివి.


వార్డు సిస్టర్:

అమ్మమ్మగారు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం, మా వార్డులో కూడా పెద్దావిడలు బెడ్‌పాన్ అడగడానికి మొహమాటపడి నీళ్లు మానేస్తారు.

విమానంలో గాలి చాలా పొడి, తేమ 20 శాతం కూడా ఉండదు, గొంతు, ముక్కు అందుకే ఎండిపోతాయి. లోపలి ఒత్తిడి ఆరు నుంచి ఎనిమిది వేల అడుగుల ఎత్తున ఉన్నట్టు ఉంటుంది, అంటే దాదాపు ఊటీలో కూర్చున్నట్టు. దానికి తోడు నీళ్లు లేకుండా 16 గంటలు కదలకుండా కూర్చుంటే కళ్లు తిరగవా మరి. ఒకేసారి గ్లాసుడు వద్దు, కొంచెం కొంచెంగా తాగుతూ ఉండాలి. టీ కాఫీలు తగ్గించమనండి.

పాదాలు రెండూ సమానంగా ఉబ్బితే మామూలే, ఒకట్రెండు రోజుల్లో దిగిపోతుంది. ఒక్క కాలే ఉబ్బి పిక్కలో నొప్పి ఉన్నా, ఆయాసం వచ్చినా మాత్రం ఆలస్యం చేయకుండా డాక్టరుకి చూపించాలి, ఎక్కువసేపు కూర్చుంటే కాళ్ల రక్తనాళాల్లో రక్తం గడ్డ కట్టే ప్రమాదం ఉంటుంది. నాలుగు గంటలు దాటిన ఏ ప్రయాణానికైనా ఇది వర్తిస్తుంది, ఎయిర్‌పోర్టులో కుర్చీలో గడిపిన గంటలు కూడా కలుపుకోండి. కూర్చునే మడమలు పైకీ కిందికీ ఆడిస్తుండాలి. మోకాలి కింది దాకా వచ్చే బిగుతు సాక్సులు మెడికల్ షాపులో దొరుకుతాయి, ఆవిడ డాక్టరుని అడిగి సైజు కొలిపించి కొనండి. చెప్పులు ఒక సైజు పెద్దవి.

మాత్రల గురించి. బీపీ మాత్రల్లో కొన్ని మూత్రం ఎక్కువ వచ్చేలా చేసేవి ఉంటాయి. మీ అమ్మగారిది అలాంటిదేనేమో, ప్రయాణం రోజు ఎప్పుడు వేసుకోవాలో డాక్టరుని అడగండి. సొంతంగా మానేయకూడదు. డాలస్ టైము అక్టోబరులో మనకన్నా పదిన్నర గంటలు వెనక. ఇక్కడి గడియారం ప్రకారం వేసుకుంటూ వెళ్లి అక్కడ దిగాక మార్చుకోవడం తేలిక, కానీ అదీ డాక్టరు చెప్పాకే. మందులన్నీ చేతి సంచీలో, అదనంగా వారం రోజులకి సరిపడా, చీటీతో సహా. చెకిన్ బ్యాగు ఒక ఊళ్లో, మనిషి ఇంకో ఊళ్లో చేరడం కొత్తేమీ కాదు.


వనస్థలిపురం పిల్ల:

అందరికీ చాలా థాంక్స్. ఒకే పీఎన్ఆర్ మీద బుక్ చేశాను, మధ్యలో మూడు గంటల నలభై నిమిషాలు, 38వ వరస ఐల్ సీటు. బావ రెండు రోజులుగా మాట్లాడట్లేదు.

అమ్మమ్మగారూ, మీ రిప్లై చదివి వినిపించాను. మొదట "ఛీ, ఇవన్నీ ఎవరైనా రాస్తారా" అంది. కాసేపు టీవీ చూసింది. తర్వాత వంటింట్లోంచి, నా వైపు చూడకుండా, "ఆవిడ ఆ తలుపు సంగతి నిజమే రాసింది" అంది. మూడేళ్లలో నాతో ఆ మాట అనలేదు. నాన్నకి తెలుసట. ఆ ఒక్కసారి లేచినప్పుడు నాన్నే లేచి వెళ్లి తలుపు బయట నిలబడ్డాడట, గడియ వేయకుండా.

నిన్న వీడియో పెట్టి చూపించాను, మూడుసార్లు చూసింది. సీసా కూడా తనే ఎంచుకుంది, మనవడి స్కూలు సీసా, మీద ఏనుగు బొమ్మ. చుడీదార్‌కి మాత్రం ఇంకా ఒప్పుకోలేదు. ఇప్పుడు కొత్త అనుమానం పట్టుకుంది. గడియ రాకపోతే లోపలి నుంచి ఏమని అరవాలి, ఇంగ్లీషులో అరవాలా, తెలుగులో అరిచినా తీస్తారా అని.


మల్కాజిగిరి అమ్మమ్మ:

తెలుగులోనే అరవమను తల్లీ. డాలస్ విమానంలో సగం మంది మనవాళ్లే.