ఛార్జర్ తీయగానే వైఫై పోతోంది, ఏ సెట్టింగ్ మార్చాలి?

అందరికీ నమస్కారం. నా ల్యాప్‌టాప్‌లో విండోస్ 11 ఉంది. ఛార్జర్ పెట్టి ఉన్నంతసేపూ నెట్ బాగానే వస్తుంది. ఛార్జర్ తీసిన ఐదారు నిమిషాలకు కింద మూలన ఉన్న వైఫై గుర్తు పోయి, దాని చోట గ్లోబు బొమ్మ వస్తుంది. నెట్‌వర్క్‌ల జాబితా తెరిస్తే ఒక్క పేరూ కనిపించదు. అదే వైఫైతో ఫోన్‌లో నెట్ వస్తోంది కాబట్టి రౌటర్ తప్పు కాదు. మళ్లీ ఛార్జర్ పెడితే కాసేపటికి అదే కనెక్ట్ అవుతుంది.

బ్యాటరీ సేవర్ ఆపేశాను. పవర్ ఆప్షన్స్‌లో వైర్‌లెస్ అడాప్టర్ సెట్టింగ్స్‌కి వెళ్లి, బ్యాటరీ మీద ఉన్నప్పుడు కూడా మాగ్జిమమ్ పెర్ఫార్మెన్స్ పెట్టాను. తేడా ఏమీ లేదు. డివైస్ మేనేజర్‌లో వైఫై అడాప్టర్ ప్రాపర్టీస్ తెరిచి, పవర్ మేనేజ్‌మెంట్ ట్యాబ్‌లో కరెంటు ఆదా కోసం ఈ పరికరాన్ని ఆపేయవచ్చు అన్న టిక్ తీసేయమని చాలామంది చెబుతారు. నాకైతే ఆ ట్యాబే లేదు! "ఎస్0 లో-పవర్ ఐడిల్" (S0 Low Power Idle) అనే కొత్త రకం స్లీప్ ఉన్న ల్యాప్‌టాప్‌లలో ఆ ట్యాబ్ కనిపించకపోవచ్చట. నాదీ అదే రకం, కమాండ్ ప్రాంప్ట్‌లో చూశాను.

ట్యాబ్ లేనప్పుడు ఆ సెట్టింగ్‌ని వేరే దారిలో మార్చవచ్చా? వైఫై అడాప్టర్‌ని నడిపే సాఫ్ట్‌వేర్, అంటే డ్రైవర్, పాతదానికి వెళ్తే ఉపయోగం ఉంటుందా, లేక బయోస్‌లో (విండోస్ కంటే ముందు తెరుచుకునే సెట్టింగ్స్‌లో) చూడాలా? రిజిస్ట్రీ (విండోస్ తన లోపలి సెట్టింగ్స్ దాచుకునే చోటు) ముట్టుకోవాలంటే భయంగా ఉంది, అదొక్కటే దారైతే దయచేసి వివరంగా చెప్పండి. ఆన్‌లైన్ ఇంటర్వ్యూలు దగ్గర పడ్డాయి, మధ్యలో నెట్ పోతే ఎలా అని చాలా టెన్షన్‌గా ఉంది.