ఈ వారం సమస్య: "చేతి దీపము వెలుగంగఁ జీఁకటయ్యె"

చందోబందోబస్తు (నిర్వాహకుడు)

తేటగీతి.

*చేతి దీపము వెలుగంగఁ జీఁకటయ్యె*

మా మేనల్లుడూ వాడి జట్టూ బల్ల చుట్టూ చేరి డంజియన్స్ అండ్ డ్రాగన్స్ (పాత్రలుగా మారి, పాచికలు వేసి, నియమాల పుస్తకం ప్రకారం ఆడే బల్లాట) ఆడుతుంటే పక్కన కూర్చున్నాను. ఒక పిల్ల "వాడి కళ్లలోకి టార్చి కొడతా, గుడ్డివాడవుతాడా?" అని అడిగింది. ఆట నడిపేవాడు పుస్తకం తిరగేస్తూనే ఉన్నాడు. భోజనాలు చల్లారాయి గానీ తీర్పు మాత్రం రాలేదు. నాకు ఈ పాదం వచ్చింది. ఆ ఆట మీదే పూరించాలని నియమం లేదు, అటువైపు వస్తే ముచ్చటపడతాను.

పాతచింతకాయ గారికి మనవి: ధృతరాష్ట్రుడికి ఈ వారం సెలవు ఇవ్వండి.

ఇరవైముఖాలు

నా పేరే ఆ ఆట పాచిక. నేను ముందు రాకపోతే ఎలా?

*పాచికల యాటలో గుహఁ బగతు కనుల*
*కెదురు పట్టఁగ లాంతరుఁ గేల నెత్తి*
*గుడ్డివాఁడయి తడిమెను గోడ నతఁడు;*
*చేతి దీపము వెలుగంగఁ జీఁకటయ్యె.*

యతిస్థానం

"తడిమెను గోడ" చాలా బాగుంది తమ్ముడూ, ఆ ఒక్క క్రియతో మనిషి కళ్లెదుట నిలబడ్డాడు. అయితే మొదటి పాదంలో బల్ల దగ్గర కూర్చోబెట్టి మూడో పాదంలో నిజం గుహలోకి తోశావు. "పాచికల యాటలో" అన్న మాట తర్వాత ఏ పనీ చెయ్యలేదు. ఇంతకీ మీ ఆటలో గుడ్డివాడైతే గోడ తడుముతాడా?

ఇరవైముఖాలు

తడమడక్కా, పాచిక వేస్తాడు. 2014 నాటి నియమాల్లో గుడ్డివాడు కొట్టబోతే రెండు పాచికలు వేసి తక్కువ పడ్డది తీసుకోవాలి. వాణ్ణి కొట్టేవాళ్లు ఎక్కువ పడ్డది తీసుకుంటారు. చూపుతో పని ఉన్న పరీక్ష ఏదైనా ఓడినట్టే లెక్క. చిక్కల్లా అక్కడిదాకా రావడమే. మంత్రం వేస్తే రావచ్చు, లాంతరు పడితే రాదు. ఒకవైపే వెలుగు కొట్టే లాంతరుకి అరవై అడుగులు మంచి వెలుతురు, ఆపైన ఇంకో అరవై మసక అని కొలిచి మరీ రాశారు. అది ఎవడి కళ్లలోనో పడితే ఏమవుతుందో మాత్రం రాయలేదు. అందుకే అక్కడ భోజనాలు చల్లారాయి.

కొక్కిరాయి

లాంతర్ల కాలం పోయింది బాబూ. అసలు టార్చి ఇదిగో. (ల్యూమెన్ వెలుగు కొలత, డ్రౌ ఆ ఆటలో నేలకింద చీకట్లో బతికే జాతి.)

*వెయ్యి ల్యూమెన్ల టార్చిని వెలిగించితి*
*నూట యిరువది యడుగులు నూతిలోన*
*గాంచు డ్రౌజాతి వీరుని కనులు మూసె;*
*చేతి దీపము వెలుగంగఁ జీఁకటయ్యె.*

యతిస్థానం

"వెలిగించితి". చివర రెండు గణాలూ ఏవో విడదీసి చూపించు, చూద్దాం.

కొక్కిరాయి

"వెలుగఁ జేయ" అని చదువుకోండి. అన్వయం కూడా కుదిరింది, చూశారా. మీరు అడగబట్టే పద్యం బాగుపడింది.

పాతచింతకాయ

బాగుపడింది సరే. "వెయ్యి ల్యూ", "గాంచు డ్రౌ". రెండు చోట్లా ముందక్షరం మీద బండరాయి పెట్టావు. ఊది, అంటే ముందక్షరాన్ని గురువు చేసి చదివితే, మొదటి గణం ఎక్కడికి పోతుంది నాయనా?

కొక్కిరాయి

వేరే పదం మొదట్లో సంయుక్తాక్షరం ఉంటే ముందున్న తెలుగు అక్షరాన్ని ఎందుకు ఊదుతాం మాస్టారూ? అక్కడ సంస్కృత సమాసం లేదు కదా. "వెయ్యి" మన మాట, "ల్యూమెన్" ఎవరిదో. వాటికి పెళ్లి చేసింది మీరే.

పాతచింతకాయ

నియమం నాకు తెలుసు. చెవి ఒప్పుకోవట్లేదంటున్నాను.

ఇరవైముఖాలు

నాకు చెవి బాధ లేదు, పుస్తకం బాధ ఉంది. డ్రౌ వాళ్లకి చీకట్లో నూట ఇరవై అడుగుల చూపు అన్నది నిజం. 2014 నియమాల్లో వాళ్లకి ఎండ పడదన్నదీ నిజం, ఎండలో కొడితే తక్కువ పాచికే. కానీ టార్చి ఎండ కాదు. మూడో స్థాయి మంత్రం "డేలైట్" ఉంది చూడండి, 2014 పుస్తకంలో దాని వెలుగును కూడా ఎండ అని రాయలేదు. దాని మీద జరిగినన్ని కొట్లాటలు దేనిమీదా జరగలేదు. 2024 కూర్పులో ఎండ అని రాసి గొడవ వదిలించుకున్నారు. కొక్కిరాయి పద్యంలో డ్రౌ వీరుడు టార్చికి కళ్లు మూయడు, నవ్వుతాడు.

కొక్కిరాయి

మీ లాంతరుకి గోడ తడిమినవాడు నా టార్చికి నవ్వుతాడా?

గోదారిగట్టు

ఇద్దరూ చీకటిని ఎదుటివాడి కళ్లలోనే వెతుకుతున్నారు. దీపం ఎవడి చేతిలో ఉందో చూడండి.

*నల్లకనుమలఁ దాఁగిన విల్లుకాండ్రు*
*నన్నుఁ గాంచిరి, వారిని నాదు కనులు*
*కానవాయెను; బాణమ్ము కాలఁ దాఁకె;*
*చేతి దీపము వెలుగంగఁ జీఁకటయ్యె.*

యతిస్థానం

అబ్బ! సమస్య విడిపోయింది. చీకటి దీపం పట్టినవాడికే! ఇక్కడ మంత్రమూ అక్కర్లేదు, రాక్షసుడూ అక్కర్లేదు. చీకటికి కన్ను పూర్తిగా అలవాటు పడడానికి ఇరవై ముప్పై నిమిషాలు పడుతుంది. చేతిలో దీపం వెలిగితే అదంతా రెప్పపాటులో పోతుంది. ఆ వెలుతురు అంచు దాటి ఏముందో వాడికి తెలియదు, అంచుకు అవతల ఉన్నవాళ్లకి వాడు నిలువునా కనిపిస్తాడు.

ఇరవైముఖాలు

పుస్తకం కూడా ఒప్పుకుంటుంది! కనిపించకుండా కొట్టేవాడికి రెండు పాచికల్లో ఎక్కువది. విల్లుకాండ్రు అరవై అడుగుల అవతల చీకట్లో ఉంటే మామూలు దివిటీ పట్టినవాడి పని అంతే. మొదటిసారి ఆడేవాళ్లంతా ఇలాగే చస్తారు. గోదారిగట్టు గారూ, మీరు ఆడతారా?

గోదారిగట్టు

లేదు. రాత్రిపూట చేలో నీళ్లు పెట్టడానికి వెళ్లేవాణ్ణి.

పాతచింతకాయ

పూరణ బాగుంది, ఒప్పుకుంటున్నాను. "నల్ల"కి "విల్లు", ప్రాసయతి ఈసారి శుభ్రంగా పడింది. దీపావళి సమస్యలో ర, ఱలకి ప్రాస కలిపి వారం పాటు వాదించిన మనిషేనా అని రెండుసార్లు పేరు చూసుకున్నాను. "బాణమ్ము కాలఁ దాఁకె" మాత్రం పిరికితనం. గుండెకు తగలాల్సింది.

గోదారిగట్టు

గుండెకు తగిలితే పద్యం ఎవరు చెబుతారండీ? "నన్నుఁ గాంచిరి" అన్నది నేనే కదా. ఆ దీపావళి వాదం సంగతి, మీరు చూపించిన ప్రయోగంలోనే శకటరేఫ (ఱ) అచ్చు తప్పని ముగ్గురు చెప్పారు.

పాతచింతకాయ

ఇద్దరు. మూడోవాడు మీ బావమరిది.

చందోబందోబస్తు (నిర్వాహకుడు)

దీపావళి తగువుకి వేరే చర్చ ఉంది, అక్కడ తేల్చుకోండి. ఇక్కడ దీపం మాత్రమే.

పాతచింతకాయ

సరే, దీపాలే. సెలవులో ఉన్నాయన ఊరికే కూర్చుని వింటున్నాడు, పని చేయించలేదు:

*అంధపతితోడ సంజయుఁ డనియె నిట్లు:*
*"రేయి దివిటీలు రథముల రేఁగుచుండ*
*మంటలన్నిటిఁ గప్పెను మాయఱేఁడు;*
*చేతి దీపము వెలుగంగఁ జీఁకటయ్యె."*

ద్రోణపర్వంలో పద్నాలుగోనాటి యుద్ధం రాత్రిలోకి సాగింది. కౌరవులు రథానికి ఐదేసి, ఏనుగుకి మూడేసి దీపాలు కట్టారు. ఆ రాత్రే ఘటోత్కచుడి మాయ. మీ బల్లాటకి 1974లో పుస్తకం వచ్చింది. చీకట్లో దీపాలు లెక్కబెట్టుకుని కొట్టుకోవడం మనవాళ్లు ఎప్పుడో రాశారు.

యతిస్థానం

మాస్టారూ, దీపాల లెక్క పద్యంలో పెట్టి ఉంటే చప్పట్లు కొట్టేదాన్ని, వ్యాఖ్యలో పెట్టారు. "మాయఱేఁడు" అనేసరికి ఎవరో తెలియడానికి మీ వ్యాఖ్య కావాల్సొచ్చింది. రథాల నిండా దివిటీలు రేగుతుంటే ఆఖరి పాదంలో ఒక్క చేతి దీపం ఎక్కడిది? అయినా సంజయుడు గుడ్డిరాజుకి "చీకటయింది" అని చెప్పడంలో ఒక చురక ఉంది. మీరు అనుకుని రాశారో లేదో తెలియదు గానీ, పద్యంలో మంచి చోటు అదే.

పాతచింతకాయ

అనుకునే రాశానమ్మా.

ఇరవైముఖాలు

నా బల్ల దగ్గర ఘటోత్కచుణ్ణి దింపుతాను. గుడ్డితనానికి మంత్రమే కావాలి కాబట్టి ఈయన ఒక్కడే నియమం ప్రకారం నడిచాడు.

పాతచింతకాయ

అందరి పద్యాలూ తూచారు, సమస్య పాదాన్ని ఎవరూ ముట్టుకోలేదు. "చీఁకటయ్యె" ఏ సంధి? చీకటి ఏమ్యాదుల్లో (చివరి ఇకారానికి సంధి జరగగల "ఏమి" మొదలైన మాటల్లో) లేదు. "చీఁకటి యయ్యె" అనాలి. అప్పుడు పాదం పొంగిపోతుంది.

చందోబందోబస్తు (నిర్వాహకుడు)

పొంగిపోతుందనే అలా ఇచ్చాను. సమస్యలో సంధి బరువు నాది, పూరణలో మీది. నాలుగు పద్యాలు వచ్చాక గుర్తొచ్చిందా?

పాతచింతకాయ

దారి చూపిస్తున్నాను, కోపం దేనికి? "చేతి దీపము వెలుగంగఁ జీఁకటి యగు." గణాలు సరి, యతి సరి, సంధి గొడవ లేదు.

కొక్కిరాయి

"యగు" అంటే మీ సంజయుడు ఘటోత్కచుడు రాకముందే వార్త చెబుతున్నట్టు మాస్టారూ. "కప్పెను" కూడా మార్చుకుని రండి, నేను టార్చి ఆర్పి కూర్చుంటా.