మిషన్ మీదికి వంగితే కళ్లజోడు జారిపోతోంది, ఇంట్లోనే సరిచేసుకోవచ్చా?

సిరిసిల్ల_టైలర్
నేను సిరిసిల్లలో ఇంట్లోనే బ్లౌజులు కుడతాను. వయసు 47. రెండు నెలల కిందట హైదరాబాద్‌లో మా అమ్మాయి దగ్గరికి వెళ్లినప్పుడు దూరానికీ దగ్గరికీ ఒకే అద్దం పనిచేసే ప్రోగ్రెసివ్ అద్దాలు చేయించుకున్నాను. దళసరి ప్లాస్టిక్ ఫ్రేమ్. కాడ లోపలివైపు 52□18-140 అని ఉంది. నడిచేటప్పుడు, టీవీ చూసేటప్పుడు బాగానే ఉంటుంది. మిషన్ మీదికి వంగితే మాత్రం ముక్కు చివరికి వచ్చేస్తుంది. దారం ఎక్కించేటప్పుడు ఒక చెయ్యి ఫ్రేమ్ పట్టుకోవడానికే సరిపోతోంది. కుడి చెవి వెనక కమిలిపోయి రాత్రి ఆ వైపు తిరిగి పడుకోలేకపోతున్నాను. ఇక్కడ ఒక షాపులో అడిగితే, వేరేచోట కొన్న ఫ్రేమ్ కదా, విరిగితే మా బాధ్యత కాదన్నారు. అసలే పెళ్లిళ్ల సీజను, హైదరాబాద్ వెళ్లి రావాలంటే రోజంతా పోతుంది. కాడలు కొంచెం లోపలికి నొక్కితే బిగుతవుతుందని మావారు అంటున్నారు. చెయ్యొచ్చా? చాలా టెన్షన్‌గా ఉంది.

పాత_ఆప్టికల్స్
అమ్మా, కాడలు లోపలికి నొక్కకండి. తెనాలిలో 26 ఏళ్లు కళ్లజోళ్ల షాపులో పనిచేశాను. జారుతోందని కాడలు దగ్గరికి వంచేసుకుని, ఇంకా ఎక్కువ జారుతోందని వచ్చినవాళ్లు ఎంతమందో. తల కణతల దగ్గర సన్నగా ఉండి వెనక్కి వెళ్లేకొద్దీ వెడల్పవుతుంది. కాడలు గట్టిగా నొక్కితే ఫ్రేమ్ ముందుకే తోసుకొస్తుంది, తడి సబ్బు వేళ్ల మధ్య నుంచి జారినట్టు. పట్టు ఉండాల్సింది ముక్కు మీద, చెవి వెనక. కణతల దగ్గర కాడ ఊరికే ఆనితే చాలు.

మీరు రాసిన అంకెల్లో 52 అద్దం వెడల్పు, 18 రెండు అద్దాల మధ్య ఎడం, 140 కాడ పొడవు, అన్నీ మిల్లీమీటర్లలో. కాడ 140 సరిపోయినా, దాని వంపు మీ చెవికి సరిపోవాలి కదా. వంపు చెవి పైభాగం దాటగానే మొదలవ్వాలి. బాగా వెనక మొదలైతే జారుతుంది, ముందే మొదలైతే చెవిని ఒరుసుకుంటుంది. మీకు కుడివైపు ముందే, ఎడమవైపు ఆలస్యంగా మొదలవుతోందని నా అనుమానం.

అద్దం ముందు నిలబడి కళ్లజోడును సరైన ఎత్తుకు జరపండి. కాడ చెవి మీద ఆనే చోట నీళ్లకు చెరగని పెన్నుతో చిన్న గీత పెట్టించుకోండి. గిన్నెలో నీళ్లు వేడి చేయండి. వేలు పెడితే చురుక్కుమనాలి గానీ, వెంటనే తీసేయాల్సినంత వేడి వద్దు. కాడ చివర మాత్రం ముంచి ఒక నిమిషం ఉంచండి. అద్దాలకు నీళ్లు తగలనివ్వకండి. తీసి తుడిచి, ముందు పాత వంపును తిన్నగా చేయండి. తర్వాత గీత దగ్గర బొటనవేలు ఆనించి మెల్లగా వంచండి. వంగకపోతే బలం పెట్టొద్దు, మళ్లీ వేడిచేయండి. చల్లారిన ప్లాస్టిక్ విరుగుతుంది. వంగాక అలాగే పట్టుకుని చన్నీళ్లలో ఉంచితే ఆకారం నిలుస్తుంది.

ఇంకో మాట. ప్రోగ్రెసివ్‌లో దగ్గరచూపు భాగం అద్దం కిందివైపు ఉంటుంది. ఫ్రేమ్ మూడు నాలుగు మిల్లీమీటర్లు దిగితే అది కూడా దిగిపోతుంది. గడ్డం పైకెత్తితే గానీ సూది బెజ్జం కనబడదు. పవర్ తప్పు ఇచ్చారని మళ్లీ పరీక్షకు వెళ్లేముందు ఈ జారడం సరిచేసుకోండి.

నెల్లూరు_నుంచి
అక్కా, వేడి దగ్గర చాలా జాగ్రత్త. నేను మరిగే నీళ్లలో ఫ్రేమ్ మొత్తం ముంచేశాను. అద్దాల మీద కోటింగ్ సాలెగూడులా చిట్లిపోయింది. రాత్రి ఎదురుగా బండి వస్తే లైటంతా చెదిరిపోయి కనిపించేది. అద్దాలు రెండూ మార్చాల్సి వచ్చింది. మీది రబ్బరులా వంగే టీఆర్-90 రకం కాదు కదా? అది ఇంట్లో ఎంత వంచినా వెనక్కే వచ్చేస్తుంది.

కాకినాడ_పంతులు
మా నాన్నగారిది మెటల్ ఫ్రేమ్, ముక్కు దగ్గర ప్యాడ్లు ఉన్నాయి. అది కూడా దిగిపోతోందండి. దానికీ వేడి పెట్టాలా?

పాత_ఆప్టికల్స్
అక్కర్లేదండి. రెండు ప్యాడ్లూ కొద్దిగా దగ్గరికి జరిపితే ఫ్రేమ్ పైకి లేస్తుంది, ఎడంగా జరిపితే దిగుతుంది. రెండువైపులా సమానంగా, ఒక్కోసారి వెంట్రుకవాసి చొప్పున జరపండి. ప్యాడ్లు పసుపెక్కి గట్టిపడి ఉంటే కొత్తవి వేయించండి. అంచు లేని అద్దాలైతే ఇంట్లో ముట్టుకోవద్దు.

సిరిసిల్ల_టైలర్
అన్నగారూ, నిన్న చేశాను. మీరన్నట్టే ఎడమ కాడ మీద గీత పాత వంపుకంటే దాదాపు ఒక సెంటీమీటరు ముందు పడింది, కుడివైపు అర సెంటీమీటరు వెనక పడింది. మొదటిసారి నీళ్లు చల్లారిపోయి కాడ వంగలేదు. ఆపేసి మళ్లీ వేడిచేశాను. రెండోసారి మెత్తగా లొంగింది. ఈరోజు పొద్దున్నుంచి మూడు బ్లౌజులకు హుక్కులు కుట్టాను, ఒక్కసారి కూడా పైకి తోసుకోలేదు. చెవి దగ్గర నొప్పి ఇంకా కొంచెం ఉంది గానీ ఒరుసుకోవడం లేదు. ఎడమ అద్దం మాత్రం కుడిదానికంటే కాస్త కిందికి కనిపిస్తోంది.

పాత_ఆప్టికల్స్
చాలా సంతోషం తల్లీ. కమిలిన చోటు మానేదాకా కొబ్బరినూనె రాయకండి, నూనె తగిలితే ప్లాస్టిక్ మళ్లీ జారుతుంది. ఎడమవైపు పైకి లేవాలంటే ఆ కాడను స్క్రూ దగ్గర కొంచెం కిందికి వంచాలి. ప్లాస్టిక్ ఫ్రేములు విరిగేది కూడా అక్కడే, అందుకే ఆ ఒక్కటీ మీరు చేయొద్దు. కరీంనగర్ వెళ్లినప్పుడు ఏదైనా షాపులో హీటర్ మీద చేయించుకోండి. దారం ఇబ్బంది లేకుండా ఎక్కుతోందంటే అంతవరకు ఆగినా పరవాలేదు.